డ్యూటీ పుస్తకంలో లేని మాట

కిందటి వారం మనం మరుపత్తను లాడ్జి కింది అంతస్తులో, తాళంచెవులు పరిచిన బల్ల వెనక, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈ ఏడు రోజులూ ఆవిడ అలాగే నిలబడి ఉంది. మనమే తీరిగ్గా మన పనులు చూసుకుని వచ్చాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మరుపత్త మేనకోడలికి ఎల్లుండి పెళ్ళి. పెళ్ళికొడుకు పళ్ళ డాక్టరు, అతని ఉద్యోగం ఈ నగరంలో, రెండు వైపులవాళ్ళకీ నేరుగా రైలుంది, అందుకని పెళ్ళి ఇక్కడ. ఆడపెళ్ళివారిలో ఈ ఊరి ఆనుపానులు తెలిసిన మనిషి మరుపత్త ఒక్కతే. పడుచుతనంలో తొమ్మిదేళ్ళు ఇక్కడే వేరే లాడ్జి కౌంటరులో పనిచేసింది. అందుకని వచ్చేవాళ్ళ ప్రయాణాలూ బసలూ ఆవిడకు అప్పగించి, ఆవిడ చేసిన ప్రతి పనినీ వెనకాలే మళ్ళీ చూసుకునే పనిని ఆవిడ తమ్ముడు, అంటే పెళ్ళికూతురి తండ్రి, తన నెత్తిన పెట్టుకున్నాడు. ఇంతలో మగపెళ్ళివారి తరఫున వచ్చిన ఒక నెరిసిన జుట్టావిడ పదకొండో నంబరు గది తాళంచెవి చేతిలోకి తీసుకుని ఒకే ఒక్క మాట అంది.

“అందుకున్నాను.”

తాళంచెవి తీసుకున్న మనిషి థాంక్స్ అంటుంది, లేదా నీళ్ళు వేడిగా వస్తాయా అని అడుగుతుంది. అందుకున్నాను అని ఎవరూ అనరు. అలా అనే మనుషులు ఈ భూమ్మీద ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ పనిచేసిన ముప్ఫై రెండు గదుల పాత లాడ్జిలో, పొద్దున ఎనిమిదింటికోసారీ రాత్రి ఎనిమిదింటికోసారీ, కొక్కేలకు వేలాడే తాళంచెవులన్నీ లెక్క చూసి ఒకరు “అప్పగించాను” అనాలి, రెండోవారు “అందుకున్నాను” అనాలి. అది యజమాని పెట్టిన నియమం. పగలు మరుపత్త కూర్చునేది, రాత్రి ఇంకొకామె కూర్చునేది. దుప్పట్లు ఉతికే ముసలాయన ఇద్దరికీ పగటక్క, రాత్రక్క అని పేర్లు పెట్టాడు. అవే స్థిరపడిపోయాయి.

మరుపత్త తల ఎత్తి ఆ ముఖం చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళు మనిషి ముఖానికి చెయ్యాల్సిందంతా చేశాయి. కానీ ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచి ఉండే తీరు మాత్రం అలాగే ఉంది.

పెళ్ళికూతుర్ని పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తన పెళ్ళికి తనే గదులు పంచే పెళ్ళికూతురు ఎక్కడైనా ఉంటుందా అని ఆ పిల్ల గునిసింది కానీ, అత్త ముఖం చూసి పట్టిక లాక్కుంది. మరుపత్త మెట్ల పక్కనున్న దుప్పట్ల గదిలోకి దారి తీసింది. రాత్రక్క వెనకాలే వెళ్ళింది.

అది చిన్న గది. మూడు వైపులా బీరువాలు, మధ్యలో ఉతికి కట్టిన దుప్పట్ల మూటలు, ఇస్త్రీ వేడి ఇంకా దిగని దిండు గలీబుల వాసన. ఇద్దరూ చెరో మూట మీద కూర్చున్నారు.

“బాగున్నారా వదినగారూ?” అంది రాత్రక్క. వియ్యాలవారి వరస అదే మరి. పెళ్ళికొడుక్కి ఆవిడ పెద్దమ్మ, తల్లికి అక్క.

“వదినగారేమిటే నీ మొహం,” అంది మరుపత్త. అన్నాక నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే కళ్ళలో నీళ్ళొచ్చాయి. దిండు గలీబుతో తుడుచుకోబోయి, ఉతికినదని గుర్తొచ్చి, చీర చెంగుతో తుడుచుకుంది.

ఈ ఇద్దరి స్నేహం లోకంలో మామూలు స్నేహాల్లాంటిది కాదు. తొమ్మిదేళ్ళలో వీళ్ళు కలిసి కూర్చుని భోంచేసింది నాలుగైదు సార్లు కూడా ఉండదు. కౌంటరు వెనక ఒక ఇరుకు గది, అందులో ఒకటే మంచం. ఒకరు కౌంటరులో ఉంటే రెండోవారు ఆ మంచం మీద నిద్రపోయేవారు. పొద్దున మరుపత్త లేచి వెళ్ళేసరికి పక్క ఇంకా వెచ్చగా ఉండేది, అదే వెచ్చదనంలోకి రాత్రక్క వచ్చి పడుకునేది. అన్నేళ్ళూ ఒకే మంచం మీద పడుకున్నారు, ఒకరి నిద్ర ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. డ్యూటీ మారే ఆ పది నిమిషాలే వాళ్ళ కబుర్లకు దొరికిన సమయం. మిగతా కబుర్లన్నీ డ్యూటీ పుస్తకంలో జరిగేవి.

ఏ గదిలో ఎవరు దిగారు, ఎవరికి ఏం కావాలి, ఎవరిని ఎన్నింటికి లేపాలి, ఇవి రాయడానికి పెట్టిన పుస్తకం అది. వీళ్ళు అందులో లోకమంతా రాశారు. నాలుగో నంబరాయన గురక ఐదో నంబరావిడకు వినిపిస్తోంది, రేపు మార్చు. ఇరవై రెండులో దిగిన కొత్త జంట పొద్దున్నించీ మాట్లాడుకోవడం లేదు, ఇద్దరికీ కలిపి ఒకే టీ కెటిల్ పంపు. నీ దువ్వెన పక్క కింద పడింది, తీసి దిండు కింద పెట్టాను. జ్వరమొచ్చినట్టుంది నీకు, దుప్పటి వేడిగా ఉంది. యజమాని నెలకోసారి ఆ పుస్తకం తిరగేసి, ఇది లాడ్జి పుస్తకమా మీ అత్తగారి ఇంటి కబుర్లా అని విసుక్కునేవాడు. కానీ గదుల విషయంలో వీళ్ళు ఏనాడూ పొరబడలేదు కాబట్టి ఊరుకునేవాడు.

“ఇప్పటికీ మనుషుల్ని గదుల్లో సర్దడంలో నీ తర్వాతే ఎవరైనా,” అంది రాత్రక్క. “నన్ను మెట్ల పక్క గదిలో వెయ్యలేదు. కిటికీ ఉన్నది ఇచ్చావు. నేనెవరో తెలియకుండానే.”

“పెళ్ళికొడుకు పెద్దమ్మ, ఒక్కరే వస్తారు, తెల్లవారేదాకా నిద్రపట్టదు అని రాసి పంపారు. తెల్లవారేదాకా నిద్రపట్టనివాళ్ళకి కిటికీ ఇవ్వాలి.” మరుపత్త ఆగింది. “నైట్ డ్యూటీ చేసినవాళ్ళకి అంతే, జన్మంతా పోదు. నాకు తట్టి ఉండాల్సింది.”

అతిథుల కోసం మరుపత్త రాసి అచ్చు వేయించిన నాలుగు పేజీల సూచనల కాగితం గురించి మాట మళ్ళింది. ఆ కాగితం రెండు వైపుల చుట్టాల్లోనూ పెళ్ళికంటే ముందే పేరు తెచ్చుకుంది. ఏ రైల్లో వస్తే ఏ వైపు కూర్చోవాలి, స్టేషనులో ఏ పంపు నీళ్ళు తాగొచ్చు, టాక్సీ ఎక్కేటప్పుడు ఏ సందు పేరు చెబితే డ్రైవరు చుట్టూ తిప్పకుండా తీసుకొస్తాడు, అన్నీ ఉన్నాయి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకొచ్చినట్టు ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ మోసుకురావద్దని, ఇక్కడి లిఫ్టులో ఒక మనిషీ ఒక పెట్టే పడతాయని రాసింది. గురక పెట్టేవాళ్ళు మొహమాటపడకుండా ముందే తెలియజేయగలరు అని రాసింది. మగవాడు ఒక్కడూ తెలియజేయలేదు. భార్యలు మాత్రం పోస్టు కార్డులు రాశారు. పాత మార్కెట్ ఇప్పుడు లేదు, దాని వెనకున్న పార్కు మాత్రం అలాగే ఉంది, సాయంత్రం ఐదింటికి వెళ్తే పడమటి బెంచీ దొరుకుతుంది అని చివర ఒక వాక్యం. ఆ వాక్యానికీ పెళ్ళికీ సంబంధమేమీ లేదు. ఆ బెంచీ మీద, సెలవు దొరికిన ఒకే ఒక్క సాయంత్రం, ఇద్దరూ కూర్చుని పుచ్చకాయ ముక్కలు తిన్నారు.

“ఆ బెంచీ దగ్గరికొచ్చేసరికి నువ్వేనని తెలిసిపోయింది,” అంది రాత్రక్క. “ఆ కింద ఇంకో ముక్క ఉంది. అది చదివాక నాకు అన్నం సయించలేదు.”

మరుపత్త తల దించుకుంది. ఆ ముక్క ఆవిడ రాసింది కాదు. తమ్ముడు సరదాగా కలిపినది. ఈ సూచనలు రాసింది మా మరుపత్త, తప్పులుంటే నవ్వుకుని వదిలేయండి అని.

అసలు పేరు ఆవిడకు ఒకటుంది, మంచి పేరే. కానీ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పిల్లలు పుట్టగానే అమ్మ, నాన్న, మరుపత్త అని నేర్చుకున్నారు. ఈ పేరు ఎలా వచ్చిందో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. పదిహేడో నంబరు గదిలో దిగిన ఒకాయన, సాయంత్రం కౌంటరు దగ్గరికొచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి లేపమని పగటక్కకు చెప్పాడు. నాలుగూ నలభైకి ఆయన రైలు, ఆ పొద్దున్నే వేరే ఊళ్ళో కోర్టు వాయిదా. ఆయన్ని ఎవరూ లేపలేదు. రైలు తప్పింది, వాయిదా తప్పింది, ఇంటి దావా పోయింది. మూడోనాడు తిరిగొచ్చి యజమాని మీద ఇంతెత్తున లేచాడు. యజమాని డ్యూటీ పుస్తకం తెరిచాడు. ఆ సాయంత్రం పేజీలో ముప్ఫై గదుల సంగతులున్నాయి, పదిహేడు మాటే లేదు. రాశావా అని అడిగితే మరుపత్త రాశాననే అనుకుంటున్నానండీ అంది. అనుకోవడం కాదు, ఇదుగో పేజీ అన్నాడాయన. మతిమరుపు వల్ల పని నుంచి తొలగించడమైనది అని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఇంటికొస్తే తమ్ముడు గట్టిగా చదివాడు. అంతే, పేరు పుట్టింది.

ఆ కాగితం చూసి ఇంకో లాడ్జిలో ఎవరూ పని ఇవ్వలేదు. తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడు చెడ్డవాడు కాడు. ఏనాడూ తిండికీ బట్టకూ లోటు చెయ్యలేదు. కానీ ఆవిడ ఇంటికి తాళం వేస్తే అతనొచ్చి ఒకసారి లాగి చూస్తాడు. ఆవిడ పొయ్యి ఆర్పితే వెళ్ళి ఒకసారి తిప్పి చూస్తాడు. మొదట్లో ఆవిడకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత తను కూడా రెండోసారి వెళ్ళి చూసుకోవడం మొదలుపెట్టింది. అన్నిటికంటే బాధ అదే. ఎదుటివాళ్ళు నమ్మకపోతే తట్టుకోవచ్చు, తన చేతిని తనే నమ్మకపోతే మనిషి ఎలా బతుకుతుంది?

“నువ్వు రాశావు,” అంది రాత్రక్క.

మరుపత్తకు అర్థం కాలేదు.

“పదిహేడు సంగతి. నువ్వు రాశావు. నేను చదివాను.”

బయట లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు, ఎవరో పెట్టె ఈడ్చుకుపోతున్న చప్పుడు. లోపల రాత్రక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎన్నేళ్ళుగానో వల్లించుకున్న పాఠంలా, ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఆ రాత్రి రెండింటికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చెల్లెలికి నెల ముందే నొప్పులు. చెల్లెలి మొగుడు ఊళ్ళో లేడు, తోడు ఎవరూ లేరు. మూడున్నరకల్లా వచ్చేద్దాం, పగలంతా అలిసి పడుకున్నదాన్ని లేపడమెందుకని లాడ్జి ముందు తలుపుకు తాళం వేసి పరుగెత్తింది. నాలుగూ పదికి పిల్లవాడు పుట్టాడు. మొదట ఎత్తుకున్నది తనే. వాణ్ణి చేతుల్లోంచి దించలేక దించలేక దించి వచ్చేసరికి ఐదున్నర దాటింది, పదిహేడో నంబరాయన పై అంతస్తు మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు. నాకేం రాసిపెట్టలేదండీ అనేసింది. నోటికొచ్చిన అబద్ధం. ఆయన మళ్ళీ వస్తాడేమోనన్న భయంతో, డ్యూటీ మారేలోపే ఆ ఆకు తీసేసింది. దారంతో కుట్టిన పుస్తకం, ఆకు తీసి ఆకు పెట్టడం పెద్ద పనేం కాదు. తొమ్మిదేళ్ళు రోజూ చదివిన రాత, అలాగే దించడమూ కష్టం కాలేదు. ఆ ఒక్క వాక్యం వదిలేసి మిగతాదంతా ఎత్తి రాసింది.

“నిన్ను తిడతాడనుకున్నాను. తీసేస్తాడనుకోలేదు. నువ్వు కౌంటరు దగ్గర పెట్టె సర్దుకుంటుంటే నేను వెనక గదిలో పడుకుని నిద్ర నటించాను.”

“నా అడ్రసు యజమాని దగ్గర ఉండేది,” అంది మరుపత్త.

“నా దగ్గరా ఉంది. అడ్రసు లేక కాదు. ధైర్యం లేక.”

మరుపత్తకు నమ్మాలని లేదు. ఇన్నేళ్ళకు వచ్చి, పెళ్ళింట్లో కూర్చుని, జాలిపడి చెబుతున్న మాటేమో. ఆ సాయంత్రం ఆవిడకు ఎప్పుడూ ఒక చోటిదాకానే గుర్తొస్తుంది. ఆయన కౌంటరు మీద మోచేతులు ఆనించడం, నాలుగింటికమ్మా అనడం, తను పెన్ను తియ్యడం. ఆ తర్వాత ఏమీ లేదు. పెన్ను తీసినట్టు కూడా తనే ఊహించుకుందేమోనని ఎన్నోసార్లు అనుకుంది.

“ఏం రాశాను?” అని అడిగింది. “రాశానన్నావు కదా. ఏం రాశాను?”

రాత్రక్క క్షణం కూడా వెతుక్కోలేదు. “పదిహేడు. నాలుగింటికి లేపాలి. కాలు కింద పెట్టిన చప్పుడు వినిపించేదాకా తలుపు వదలకు. ఈయన ఊఁ అని మళ్ళీ పడుకునే రకం, నాకు చూడగానే తెలిసింది.”

ఆ ఊఁ అనే మాట దగ్గర మరుపత్తకు తెలిసిపోయింది. చెవికి కాదు, చేతికి. ఊఁ రాసేటప్పుడు పెన్ను ములికి కాగితంలో కొంచెం దిగబడింది, సిరా చిన్న చుక్కగా పాకింది, దాని మీద అద్దుడు కాగితం వేసి నొక్కింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎక్కడో ఉండిపోయిన ఆ నల్లచుక్క కళ్ళ ముందు కనబడింది. తను రాసింది. మర్చిపోలేదు.

సంతోషం వస్తుందనుకుంటాం మనం. రాలేదు. ముందు కోపమొచ్చింది.

“వాడు తాళం లాగి చూశాడే,” అంది. “ఇరవై ఎనిమిదేళ్ళు, నేను వేసిన ప్రతి తాళం. నా కళ్ళ ముందే. పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తెలుసా నీకు?”

రాత్రక్క కొట్టినా కొట్టించుకునేలా కూర్చుంది.

“నాకు ఒక చెల్లెలుంటే నేనూ పరుగెత్తేదాన్ని,” అంది మరుపత్త కాసేపటికి. “వెళ్ళినందుకు కాదు. వెళ్ళొచ్చాక నన్ను లేపి చెప్పి ఉంటే, ఇద్దరం కలిసి ఏదో ఒక అబద్ధం ఆడేవాళ్ళం కాదూ? నాకు చెప్పలేదు చూడు, అదీ.”

అప్పుడు ఏడ్చింది రాత్రక్క. అంతదాకా ఏడవకుండా ఉండటానికి చాలా కష్టపడినట్టుంది.

తర్వాత తేలిన సంగతులు ఇవి. ఈ కథ ఆవిడ చెల్లెలికి తెలియదు, పెళ్ళికొడుక్కి అసలే తెలియదు. ఆ కౌంటరు జీతంతోనే చెల్లెలి మొగుడికి ఉద్యోగం దొరికేదాకా ఇల్లు గడిచింది, ఆ పిల్లవాడు పెరిగాడు. పెద్దమ్మ అంటే వాడికి ప్రాణం. ఈ సాయంత్రమే రెండు కుటుంబాల ముందూ నిలబడి జరిగింది జరిగినట్టు చెబుతానని, అందుకే వచ్చానని, మరుపత్త ఊఁ అంటే చాలని రాత్రక్క అంది. పెళ్ళయ్యాక చెప్పమన్నా సరే, ఎలా చెబితే అలా.

మరుపత్త ఆలోచించింది. తమ్ముడి సంగతి తనకు తెలుసు. వాడికి ముక్కు మీద కోపం, దానికి తోడు మాట పట్టింపు. వీళ్ళింటి మనిషి వల్ల తన అక్క బతుకు ఇలా అయిందని తెలిస్తే పెళ్ళి పందిట్లోనే పెద్ద రభస చేస్తాడు. ఇన్నేళ్ళు అక్కను నమ్మని తన తప్పును ఎవరి నెత్తిన రుద్దాలా అని చూసేవాడికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. మేనకోడలు అక్కడ బల్ల దగ్గర కూర్చుని, ముసలివాళ్ళకు తాళంచెవులు ఇస్తూ, మధ్యమధ్యలో వీధి తలుపు వైపు పళ్ళ డాక్టరు కోసం చూస్తోంది. ఆ పిల్లను ఈ చేతులతో పెంచింది తను.

“ఎల్లుండిదాకా నోరు మూసుకో,” అంది. “ఇన్నేళ్ళు ఉన్నదాన్ని, రెండు రోజులు మరుపత్తలా ఉండలేనా? అక్షింతలు పడ్డాక చూద్దాం.”

రాత్రక్క తల ఊపింది. ఇద్దరూ లేవబోయారు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని తమ్ముడొచ్చాడు.

చేతిలో ఆ సూచనల కాగితం ఉంది. ముఖం ఎర్రగా ఉంది. పదకొండున్నర రైలుకు దిగిన పద్నాలుగు మంది, అందులో ఇద్దరు చేతికర్రలవాళ్ళు, గంట నుంచి స్టేషను ముందు గేటు దగ్గర ఎండలో నిలబడ్డారట. తాము మాట్లాడిన వ్యాను వెనక గేటు దగ్గర ఆగి ఉందట. పెళ్ళికొడుకే కారు వేసుకుని పరుగెత్తాడట, మగపెళ్ళివారి ముందు తల కొట్టేసినట్టయిందట. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి కాగితం అక్క ముఖం ముందు పెట్టాడు.

“ముందు గేటని అచ్చు వేయించి, వ్యాను వెనక గేటుకి చెప్పావు. మళ్ళీ మర్చిపోయావా అక్కా?”

మరుపత్త కాగితం తీసుకుని చూసింది. నిజమే, ముందు గేటు దగ్గర వ్యాను ఉంటుంది అని అచ్చులో ఉంది. నిన్నటి మరుపత్త అయితే ఈ పాటికి గుండె గుభేలుమని, అయ్యో నా బుద్ధి అని తల కొట్టుకుని, పద్నాలుగు మంది కాళ్ళా వేళ్ళా పడటానికి బయల్దేరేది. ఈ మధ్యాహ్నపు మరుపత్త ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చదివింది. నెల కిందట తనే పనిగట్టుకుని ఈ ఊరొచ్చి, ప్లాట్‌ఫారాలు ఎక్కి దిగి, ముందు గేటు దగ్గర వ్యాన్లు ఆపనివ్వరని కనుక్కుని వెళ్ళింది.

“వెనక గేటు. మెట్లు లేని దారి, కర్రలవాళ్ళకు అదే సుఖం. అలాగని రాశాను,” అంది. “ఇది నేను రాసింది కాదు. ప్రెస్సుకి కాగితం తీసుకెళ్ళింది ఎవరు?”

తమ్ముడు ఇలాంటి ప్రశ్న ఊహించలేదు. అక్క నోట ఇలాంటి ప్రశ్న వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఎవరైనా స్టేషనులో ముందు గేటు నుంచే కదా బయటికొచ్చేది అన్నాడు. నువ్వు పొరబడి ఉంటావని నేనే దిద్దించాను, అది నీ మంచికే అన్నాడు. నన్ను ఒక్క మాట అడగాల్సింది కదా అని అక్క అంది. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. కానీ తప్పు తన మీదికి వచ్చినప్పుడు ఊరుకునే మగవాణ్ణి మనలో ఎంతమంది చూశాం? వియ్యాలవారి మనిషి అక్కడే నిలబడి ఉందన్న స్పృహ కూడా లేకుండా అనేశాడు.

“రాయడం మర్చిపోయి ఉద్యోగం పోగొట్టుకున్నదానివి. నిన్ను అడిగి ఏం లాభం?”

రాత్రక్క ఒక అడుగు ముందుకు వేసింది. “అన్నయ్యగారూ,” అని మొదలుపెట్టి, ఆగి, మరుపత్త వైపు చూసింది.

అదే సమయానికి తలుపు దగ్గర నవ్వు ముఖంతో పెళ్ళికొడుకు కనిపించాడు. రెండు చేతులా ఎవరివో పెట్టెలు, చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. వెనకాల పెళ్ళికూతురు నిలబడి ఉంది. అందరూ క్షేమంగా వచ్చేశారని, చేతికర్ర తాతయ్యలు కారులో నిద్ర కూడా పోయారని, మామయ్యగారు కంగారు పడొద్దని చెప్పాడు. పెద్దమ్మ కళ్ళు ఎర్రగా ఉండటం అప్పుడు చూశాడు. పెట్టెలు కింద పెట్టేశాడు.

“ఏమైంది పెద్దమ్మా?” అన్నాడు. “ఏం చెప్పబోతున్నావు?”

రాత్రక్క చూపు మరుపత్త మీదే ఉంది. ఊఁ అంటే చెబుతుంది, వద్దంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుంది. తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు, ఇక ఈ సంగతి అయిపోయినట్టే. మరుపత్త మేనకోడలి ముఖం చూసింది. ఆ పిల్ల కళ్ళలో భయం ఉంది. రెండు రోజులే కదా అని మళ్ళీ అనుకుంది. అలా రెండేసి రోజులే కలిసి ఇరవై ఎనిమిదేళ్ళు అయ్యాయని కూడా అనుకుంది.

“తమ్ముడూ, నువ్వు ముందు కూర్చో,” అంది. వాడు ఎందుకో ఎదురు చెప్పకుండా దుప్పట్ల మూట మీద కూర్చున్నాడు. తర్వాత ఆవిడ పెళ్ళికొడుకు వైపు తిరిగింది.

“నువ్వూ కూర్చో బాబూ. మీ పెద్దమ్మ చెప్పబోయేది నువ్వు పుట్టిన రాత్రి సంగతి.”